గండాల పుస్తకం

మామగారు పరుపుల మీంచి దిగలేదు.

తెల్లారగానే ఎక్కారు. కార్ఖానా వెనక తలుపుకి ఆనించి ఒకదాని మీద ఒకటిగా పేర్చిన ఏడు పరుపులు. వాటి మీద బాసింపట్టు వేసుకుని కూచుంటే ఆయన తలకీ పైకప్పు దూలానికీ మధ్య జానెడే ఎడం. ఎలా ఎక్కారో చూసినవాళ్ళు లేరు. మోకాళ్ళ నొప్పులని నేల మీద కూచుని ఎన్నేళ్ళయిందో ఆ మనిషి! కోపం వచ్చేసరికి పిల్లిలా పాకేశారు.

"ఇంకా అక్కడేనా?" మెట్ల మీంచి తొంగిచూసి అడిగింది అత్తగారు. కింద కార్ఖానా, పైన కాపురం. ఆ ఇంటి సంగతులన్నీ ఆ పధ్నాలుగు మెట్ల మీదే ఎక్కుతూ దిగుతూ ఉంటాయి.

"అక్కడే అత్తయ్యా," అంది కోడలు.

"టీ ఇచ్చావా?"

"పైకి అందించాను. తాగి, గ్లాసు కిందకి అందించారు. మాట మాత్రం లేదు."

"టీ తాగే కోపమే కదా, భయం లేదు. టీ మానేసే కోపం ఒకటుంది ఆయనకి. అది ఒక్కసారే చూశాను, మా తమ్ముడి పెళ్ళిలో."

కోడలు నవ్వలేదు. గోడ గడియారం పది చూపిస్తోంది. పదకొండింటికి తనిఖీ ఆఫీసరమ్మ వస్తుంది. ఆవిడ వచ్చేలోగా వెనక తలుపు ఖాళీ కావాలి. తలుపు ఖాళీ కావాలంటే పరుపులు కదలాలి, పరుపులు కదలాలంటే మామగారు దిగాలి. మామగారు దిగాలంటే ఆఫీసరమ్మ రాకూడదు. ఎటు తిప్పినా మొదటికే వస్తోంది.

అసలు ఆవిణ్ణి రమ్మన్నదే కోడలు. ఉత్తరం రాసి, సంతకం పెట్టి, తనే వెళ్ళి ఆఫీసులో ఇచ్చి వచ్చింది. అదీ నేరం.

"ఆఫీసరు వస్తున్నాడంటే లోకమంతా తలుపులు మూసుకుంటుంది," అన్నారు మామగారు. కోడలితో కాదు, దూలంతో. శుక్రవారం నుంచీ ఆయన చెప్పదలుచుకున్నవన్నీ ఏదో ఒక గోడతోనో గుంజతోనో చెబుతున్నారు. "మనింట్లో మాత్రం ఉత్తరం రాసి పిలుస్తారు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే."

"నాన్నా, అది కాదు…" అన్నాడు ఆమె భర్త. కొలతటేపు మెళ్ళో వేసుకుని పరుపుల పక్కన నిలబడి, పైకి తండ్రినీ పక్కకి పెళ్ళాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. అడకత్తెరలో పోకచెక్క అన్న మాట ఎవరు పుట్టించారో గానీ, ఈయన్ని చూసే పుట్టించి ఉండాలి.

"ఇంటిగుట్టు లంకకు చేటన్నారు," అన్నారు మామగారు మళ్ళీ దూలంతోనే. "ఏకులా వచ్చిన పిల్ల మేకై కూచుంది."

దూది ఏకే ఇంట్లో ఆ సామెత ఎవరు ఎవరినన్నా నవ్వొస్తుంది. ఇవాళ ఎవరికీ రాలేదు.

"మామయ్యా," అంది కోడలు తల పైకెత్తి. "వెనకవీధి చెప్పుల కార్ఖానాకి తాళం వేసిన రోజు మీరే అన్నారు కదా, ముందే ఎవరన్నా చెప్పి ఉంటే పాపం సర్దుకునేవాడు అని? ఆ చెప్పేవాళ్ళెవరో నేను వెళ్ళి కనుక్కున్నాను, అంతే. మనంతట మనం పిలిచి, లోపాలివీ అని చూపించి, దిద్దుకుంటామంటే గడువిస్తారు. జరిమానా తగ్గుతుంది, ఒక్కోసారి ఉండనే ఉండదు. వాళ్ళంతట వాళ్ళొచ్చి పట్టుకుంటేనే తాళం."

"పట్టుకోడానికి మనమేమన్నా దొంగలమా?" అని దూలాన్ని అడిగారు మామగారు.

దూలం ఏమంటుంది!

ఇవాళ దూది ఏకే మిషను ఆపేశారు. అది ఆగితే కార్ఖానాకి ఇంకో లోకం వస్తుంది. పైన ఇల్లు లేని వెనక వైపు పైకప్పులో ఒకచోట పెంకుకి బదులు అద్దం బిగించి ఉంది. దానిలోంచి దిగే ఎండలో దూది నూగు తేలుతూ ఉంటుంది, పైకీ పోదు, కిందకీ రాదు. పనివేళ దాన్నెవరూ పట్టించుకోరు. మిషను ఆగినప్పుడు మాత్రం మనుషులు మాటల మధ్యలో ఆగిపోయి దాన్నే చూస్తారు, ఏం చెప్పబోయారో మర్చిపోతారు.

పెళ్ళయి వచ్చిన కొత్తలో కోడలు గంటలు గంటలు చూసేది. ఎవరెవరో ఈ పరుపుల మీద పడుకుని కలలు కంటారు కదా, ఆ కలల్ని లోపల కూరి కుట్టేముందు ఇలా కాసేపు గాలికి వదుల్తారేమో అనుకునేది. ఆ మాట ఒకసారి భర్తతో అంటే, "అలాగా! దూది తక్కువ పెడుతున్నారని కొన్నవాళ్ళు తిడుతుంటే ఏమిటో అనుకున్నాను," అన్నాడు.

కోడలు కూడా అలాగే తేలుతూ ఉండిపోయేది, నిరుడు ఆ బెల్టు తెగకపోతే.

మిషను బెల్టు ఉన్నట్టుండి తెగి, గాల్లోకి లేచి, పరుపుల గలేబులు కుట్టే ఆమె చెవి పక్కనుంచి పోయి గోడకి కొట్టుకుంది. చెవిపోగు ఒక్కటి ఊడి పడింది.

"గండం గడిచింది!" అన్నారు మామగారు. అందరూ పని ఆపారు. అందరికీ టీ వచ్చింది. టీ అయ్యాక ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఆ కార్ఖానా పద్ధతి అది. వెంట్రుకవాసిలో తప్పిపోయిన ప్రతిదానికీ "గండం గడిచింది" అనాలి, టీ తాగాలి, మర్చిపోవాలి. గడిచిన గండాన్ని మళ్ళీ తలుచుకుంటే అది దారి గుర్తుపట్టి తిరిగొస్తుందని మామగారి నమ్మకం. ఇక రాయడమా! రాస్తే దాని చేతికి చిరునామా ఇచ్చినట్టే.

కోడలు మర్నాడే ఒక పుస్తకం కొంది. మొదటి గండం: బెల్టు, చెవిపోగు. ఎందుకు జరిగింది? బెల్టు మీద ఉండాల్సిన ఇనపజాలీ విప్పి మూలపెట్టారు కనక. ఎవరు విప్పారు? అందరూ. ఏం చేశాం? బిగించాం.

అలా ఏడాదిలో నలభై మూడు. దబ్బనం ఒకటి పరుపులోనే ఉండిపోయి, కొన్నాయన వీపుని పలకరించబోయింది. అప్పట్నుంచీ పొద్దున్న ఇచ్చిన దబ్బనాలన్నీ సాయంత్రం చెక్కకి గుచ్చి సరిచూస్తేగానీ ఎవరూ ఇంటికి పోవడానికి లేదు. స్విచ్చిబోర్డులోంచి నిప్పురవ్వ దూదిబేలు మీద పడి, ఏమనుకుందో ఏమో, దానంతటదే ఆరిపోయింది. బేళ్ళు ఇంకో గోడకి మారాయి, ఇసక బకెట్లు వచ్చాయి. పనివాళ్ళు మొదట్లో పుస్తకం చూసి జడుసుకున్నారు. ఇప్పుడు వాళ్ళే వచ్చి, "అమ్మా, నాదొక గండం రాసుకో," అంటున్నారు.

మార్పులు మామగారు చూశారు గానీ, పుస్తకం సంగతీ ఉత్తరం సంగతీ ఆయనకి తెలీవు. శుక్రవారం ఆఫీసు నుంచి జవాబొచ్చింది, "మీ ప్రమాదాల పుస్తకం కూడా సిద్ధంగా ఉంచండి" అని. అది చదివి మామగారు మొదట మాట మానేశారు. శనివారం, ఖాళీ చేసిన వెనక తలుపుకి మళ్ళీ పరుపులు పెట్టించారు. ఇవాళ సోమవారం, వాటి మీదకెక్కారు.

"అన్నయ్యా!"

దూదిమామయ్య వచ్చాడు. మామగారి తమ్ముడు. కనుబొమ్మలూ చెవుల మీది వెంట్రుకలూ తెల్లగా నూగు పట్టి ఉంటాయి, స్నానం చేసి వచ్చినా అంతే. ఇంటిల్లిపాదీ ఆయన్ని వరసకి ముందు దూది తగిలించి పిలుస్తారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే మిషన్ని చూపించి, "అయిందిగా," అంటాడు. ఆ మిషను కూడా ఆయన మాట తప్ప ఎవరి మాటా వినదు.

"దిగన్నయ్యా. పిల్లలు పరుపులు తీయాలట."

"నువ్వు మాట్లాడకురా. నీకే…" అని మామగారు ఆగిపోయారు.

నూగు తేలుతోంది. అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా ఆ నూగునే చూశారు. కోడలికి ఆ కాసేపూ అందరూ నీళ్ళ అడుగున నిలబడ్డట్టు అనిపించింది.

"నాకే?" అన్నాడు దూదిమామయ్య.

"నీకేం తెలీదు, ఊరుకో," అన్నారు మామగారు.

ఆ మాటకి అతుకు సరిగా పడలేదని కోడలికి తెలిసింది. అడగబోయింది కూడా. అంతలో వీధిలో బండి ఆగింది.

"పదకొండు కాలేదుగా!" అన్నాడు భర్త.

ఆఫీసరమ్మ ముందే వచ్చేసింది.

పొట్టిగా, నెమ్మదిగా, అప్పుడే నిద్ర లేచినట్టుంది ఆవిడ. గడపలో నిలబడి ఎండని చూసింది. ఎండలో దూదిని చూసింది. నూగు ఒకటి వచ్చి చేతిలో కాగితం మీద వాలితే ఊదెయ్యకుండా వేలితో మెల్లిగా పక్కకి జరిపింది. అప్పుడు తల పైకెత్తింది.

"అక్కడున్నదెవరు?"

"మా నాన్నగారండీ," అన్నాడు భర్త. "పరుపు… మెత్తదనం పరీక్ష చేస్తున్నారు."

"ఏడూ ఒకేసారా?"

"ఆయన పద్ధతండీ."

ఆవిడ పైకి చదువుతూ రాసుకుంది: "వెనక తలుపుకి అడ్డంగా ఏడు పరుపులు, ఒక పెద్దమనిషి." కోడలి వైపు తిరిగింది. "ఉత్తరం రాసింది మీరే కదూ? తలుపు ఖాళీ చేశామని రాశారు."

"రాసేనాటికి ఖాళీగానే ఉందండీ."

"మళ్ళీ ఎవరు పెట్టారు?"

జవాబు పైనుంచి వచ్చింది.

"నేనే పెట్టించాను. నా తలుపు, నా పరుపులు."

"బాగుంది. నిప్పంటుకుంటే మీరెటు దిగుతారు?" ఆవిడ గొంతులో వెటకారం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

మామగారు కుడివైపు చూశారు. ఎడమవైపు చూశారు. దిగే ఆలోచన చేసుకుని ఎక్కలేదు పాపం.

"ఎక్కేటప్పుడు లేని బుద్ధి దిగేటప్పుడెక్కణ్ణుంచొస్తుందిలెండి," అంది అత్తగారు మెట్ల మీంచి.

ఆఫీసరమ్మ కార్ఖానా అంతా తిరిగింది. బెల్టు మీది జాలీ కదిపి చూసింది. దబ్బనాల చెక్క దగ్గర చాలాసేపు నిలబడింది. ముక్కుకి కట్టుకునే మాస్కుల డబ్బా ఇంకా సీలు తీయకుండా ఉండటం చూసి ఏదో రాసుకుంది. చివరికి ఒక దూదిబేలు మీద కూచుని, "ఏదీ మీ పుస్తకం?" అంది.

కోడలు ఇచ్చింది. ఇది తప్పయితే, ఈ ఇంటి పొయ్యి తనే ఆర్పినట్టు. పైన కూచున్నాయన ఆ మాట అనడం లేదు గానీ ఆయన మౌనమంతా అదే.

ఆవిడ చదువుతోంది. ఎండ ఒక పరుపు మీంచి ఇంకో పరుపు మీదకి జరిగింది.

"ముప్ఫైరెండో గండం. నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి పాట పాడుతూ బల్బు మార్చాడు." తలెత్తింది. "ఎవరది?"

"నేనేనండీ," అన్నాడు భర్త.

"ఏ పాట?"

"మర్చిపోయానండీ," అన్నాడు, చెవులు ఎర్రబడుతుంటే.

ఆవిడ మొదటిసారి నవ్వింది. కోడలికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. గట్టెక్కాం అనుకుంది, భర్త వైపు చూసి కళ్ళతోనే ఆ మాట చెప్పింది కూడా.

"మంచి పుస్తకం," అంది ఆఫీసరమ్మ. "పెద్ద పెద్ద కార్ఖానాల్లో లేదు ఇలాంటిది. తలుపొక్కటి తీయండి, మిగతావాటికి గడువిస్తాను. ఒక్క మాట. మిషను మీద ఉండేదెవరు?"

"నేనండీ," అన్నాడు దూదిమామయ్య.

"ఎన్నాళ్ళుగా?"

"అది వచ్చినప్పట్నుంచీ. ముప్ఫయ్యొక్కేళ్ళు. మొదట్లో అన్నయ్యా నేనూ వంతులేసుకునేవాళ్ళం."

"ఇందులో నలభై మూడు గండాలున్నాయి. పొద్దుగూకులూ మిషను దగ్గరుండే మీ పేర ఒక్కటీ లేదు."

దూదిమామయ్య ఛాతీ విప్పి నిలబడ్డాడు. "నాకు గండాల్లేవండీ. దాని నాడి నాకు తెలుసు. నా జోలికి…"

అంతలో దగ్గొచ్చింది. పొడిగా, లోతుగా, ఒకదాని వెనక ఒకటి. గుంజ పట్టుకుని వంగిపోయాడు.

"ఏం లేదండీ, సోమవారం దగ్గు," అన్నాడు భర్త నవ్వుతూ.

"ఆదివారం బద్ధకం దిగుతోంది!" అంది గలేబులు కుట్టే ఆమె. అందరూ నవ్వారు. ఏళ్ళ తరబడి నవ్వుతున్న నవ్వే అది.

ఆఫీసరమ్మ నవ్వలేదు. "సోమవారమే వస్తుందా?"

"మంగళవారానికి సర్దుకునేది," అంది అత్తగారు. అని, తన మాటే తనకి కొత్తగా వినపడినట్టు ఆగింది. "ఈమధ్య గురువారం దాకా ఉంటోంది."

"సెలవు తర్వాత పనిలోకి రాగానే ఛాతీ పట్టేస్తుంది. మర్నాటికి తగ్గుతుంది. కొన్నేళ్ళు పోయాక వారమంతా ఉంటుంది, ఆ తర్వాత తగ్గదు," అంది ఆఫీసరమ్మ. పుస్తకం మూసి కోడలికి ఇచ్చేసింది. "దూది దుమ్ము చేసే పని అది. గడిచిన గండాలన్నీ రాశారమ్మా. గడవనిది ఒక్కటి వదిలేశారు."

కోడలికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఏడాదిపాటు పుస్తకం చంకలో పెట్టుకుని, ఆయన దగ్గుతుంటే ఆయన పక్కనుంచే నడిచి వెళ్ళి, ఎవరి చెవిపోగో ఊడిందని రాసుకుంది. ఎవరొచ్చి చెబితే వాళ్ళది రాసింది. చెప్పనివాణ్ణి అడగలేదు. ఎండలో తేలే నూగుని కలలనుకుంది కూడా! కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

"తప్పు నాది," అంది.

"అమ్మాయికి తెలీదు," అన్నారు మామగారు.

ఈసారి దూలం వైపు చూడటం లేదు ఆయన. "నాకు తెలుసు. మూడేళ్ళ కిందట వీణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది నేనే. దూదికి దూరంగా ఉంచమన్నాడు. బయటికి రాగానే వీడు నా చెయ్యి పట్టుకున్నాడు, ఎవరికీ చెప్పకన్నయ్యా అని. సరే అన్నాను. పెద్దవాణ్ణి, అనకూడదు. అన్నాను." ఒక్క క్షణం ఊపిరి తీసుకున్నారు. "ఆ వారం వీడు దగ్గుతుంటే అందరూ చూస్తున్నారని, సోమవారం దగ్గురా ఇది అని పేరు పెట్టింది కూడా నేనే. నవ్వారు. పేరు పడ్డాక ఇంకెవరూ అడగలేదు."

"నాన్నా!" అన్నాడు భర్త.

"మీరు తలుపులు చూపిస్తారు, బకెట్లు చూపిస్తారు. వచ్చినావిడ వీణ్ణి చూస్తుందని నా భయం. అందుకెక్కాను. పట్టరా నన్ను, దిగుతాను."

కొడుకూ కోడలూ చెరో వైపు పట్టుకున్నారు. ఆయన జారి, కాళ్ళు నేలకి తగలగానే అలాగే కూచుండిపోయారు.

ఆఫీసరమ్మ తన కాగితం మడిచి పక్కన పెట్టింది. తర్వాత అంది, "తెలిసి దాచారని నేను రాసుకుంటే ఇవాళే మిషనుకి తాళం. జరిమానా పూర్తిగా పడుతుంది. ఇదే మాట మీ పుస్తకంలో మీరే రాసి, ఇవాళ్టి నుంచి ఏం మారుస్తారో కింద రాసి, సంతకం పెట్టి ఇస్తే, మీరు చెప్పుకున్న తప్పవుతుంది. నెల గడువిస్తాను. మీరు ముందు పిలిచారు కనక ఈ దారి ఉంది. లేకపోతే చెప్పడానికి కూడా నాకు వీల్లేదు."

"ఎంతసేపట్లో రాయాలండీ?"

"ఒక టీ తాగేంతసేపు."

అత్తగారు గబగబా పైకెళ్ళింది. కోడలు నేల మీద, మామగారి పక్కనే కూచుని పుస్తకం తెరిచింది. నలభై నాలుగు అని అంకె వేసింది.

తెల్లటి అరచెయ్యి ఒకటి వచ్చి ఆ పేజీ మీద పడింది.

"రాయొద్దు," అన్నాడు దూదిమామయ్య.

"మామయ్యా…"

"నా దగ్గు నాది. నీ పుస్తకంలోకి నేను రాను."

"రాస్తేనే కార్ఖానా నిలుస్తుంది బాబాయ్," అన్నాడు భర్త. "దుమ్ము లాగే ఫ్యాను పెట్టిస్తాం. మిషను ఇంకొకళ్ళు నేర్చుకుంటారు. నువ్వు చూస్తూ ఉంటే చాలు."

"చూస్తూ ఉంటే చాలా?" ఆయన మిషను వైపు చూశాడు. "ఆ మిషను దగ్గర లేకపోతే ఈ ఇంట్లో నేనెవర్నిరా? పెళ్ళామా, పిల్లలా? తినే నోరు ఒకటి. అంతేగా?"

అత్తగారు టీ తెచ్చి ఆవిడకి ఇచ్చి, మళ్ళీ మెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. కొంగు నోట్లో కుక్కుకుంది. తను పెళ్ళయి వచ్చేసరికి ఈ మరిది పన్నెండేళ్ళవాడు, ఆవిడ చేతి ముద్ద తిని పెరిగినవాడు.

ఆఫీసరమ్మ టీ ఊదుకుంటూ తాగుతోంది. కోడలు పెన్ను పట్టుకుని ఆ చేతినే చూస్తోంది. గోళ్ళ సందుల్లో కూడా దూది.

"మీ చెయ్యి నేను తీయించను మామయ్యా," అంది. "తీస్తే మీరే తీయాలి. కానీ ఒకటి చెబుతాను. కార్ఖానా కోసం రాశానన్నది నిజమే, పొద్దున్న దాకా. ఇప్పుడు తాళం వేసినా సరే, వచ్చే సోమవారం ఆ దగ్గు వినపడుతుంటే నేను పక్కనుంచి నడిచి వెళ్ళలేను. నా వల్ల కాదు."

ఆయన చెయ్యి కదల్లేదు. కళ్ళు మాత్రం తడిశాయి.

"తియ్యరా," అన్నారు మామగారు. "అమ్మాయి చెప్పేది విను. ఇవాళ్టి నుంచి నువ్వు మిషను ముట్టుకోవడానికి లేదు. పెద్దవాణ్ణి చెబుతున్నాను. రాయమ్మాయ్, వీడి పేరు రాయి."

"నా పేరా?" దూదిమామయ్య అన్న వైపు తిరిగాడు. అంత సూటిగా అన్న మొహంలోకి ఆయన చూడటం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. "నా ఒక్కడి పేరేనా అన్నయ్యా?"

"ఊరుకోరా."

"ఊరుకోను. మూడేళ్ళు ఊరుకున్నాను. నీది నన్ను చెప్పొద్దన్నావు, నాది నిన్ను చెప్పొద్దన్నాను. నాది చెప్పేశావుగా? ఆరోజు డాక్టరు ఊపిరి పరీక్షకని గొట్టంలోకి గాలి ఊదమన్నది నా ఒక్కణ్ణే కాదని కూడా చెప్పు. ముందు ఊదిందెవరో చెప్పు. ఎవరి ఊపిరితిత్తి ఎక్కువ పాడైందన్నాడో అదీ చెప్పు."

చెయ్యి తీసేశాడు. పేజీ మీద తెల్లటి నూగు మిగిలింది.

ఆఫీసరమ్మ చేతిలో గ్లాసు నోటిదాకా వచ్చి ఆగింది.

"ఏమండీ?" అంది అత్తగారు. మెట్లు దిగలేక, కమ్మీ పట్టుకుని అక్కడే కూచుంది. "ఏమండీ, ఏమిటతను అంటున్నది?"

మామగారు ఆమె వైపు చూడలేదు. పుస్తకం వైపే చూస్తూ, "కింద నలభై అయిదు వెయ్యమ్మాయ్," అన్నారు.